పెరట్లో రైలు గేటు

పద్దెనిమిది గుంటల గోల్ఫ్ మైదానం వేయాలంటే వంద ఎకరాల పైమాటే. కోల్‌కతాలో 1829లో పెట్టిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బుకు, బ్రిటిష్ దీవులు దాటితే ప్రపంచంలోకెల్లా పాత గోల్ఫ్ క్లబ్బని పేరు. హౌరా నుంచి రెండు గంటలు రైల్లో కూర్చుంటే ఖరగ్‌పూర్ వస్తుంది. ఇక్కడి రైల్వే క్వార్టర్ల వెనక ఉన్నది ఎకరాలు కాదు. ఒక మునగచెట్టు, నాలుగు అరటి పిలకలు, బట్టలారేసే తీగ, కుళాయి దగ్గర కొంచెం బురద, మిగతాదంతా గడ్డి. ఆ మిగతాది చాలు. రెండడుగుల వెడల్పు, పదీ పన్నెండడుగుల పొడవు నేల చదును చేసి, ఇంట్లో కోసుకున్న చెక్కలతో అడ్డులు పెట్టుకుని ఆడే మినీ గోల్ఫ్‌కు ఇంతకంటే తగిన ఊరు ఈ దేశంలో కనపడదు.

ఊరు పుట్టిన తీరు చూస్తే ఆ మాట అతిశయోక్తి అనిపించదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్ఆర్) కంపెనీ 1887లో ఏర్పడింది. పంతొమ్మిదో శతాబ్దం చివర ఖరగ్‌పూర్‌ను జంక్షన్ చేసి, పక్కనే పెద్ద వర్క్‌షాపు కట్టింది. తూర్పు కోస్తా లైనులో వాల్తేరు నుంచి పై భాగం అదే కంపెనీ చేతికి వచ్చాక, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు జనం ఆ రైలే ఎక్కి ఇక్కడి పనుల్లో చేరారు. 1928లో బీఎన్ఆర్ కార్మికుల సమ్మెను నడిపి, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి తెలుగువాడే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చిన ఊరూ ఇదే.

అలా వచ్చినవాళ్లలో ఫిట్టర్లు, కమ్మరులు, వడ్రంగులు ఉన్నారు. ఒకప్పుడు రైలు పెట్టెల ఒళ్లంతా చెక్కే. 1955లో పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ మొదలై ఉక్కు పెట్టెలు వచ్చేదాకా, ఆ తర్వాత పాత పెట్టెలు మూలపడేదాకా వర్క్‌షాపుల్లో వడ్రంగులకు చేతినిండా పని ఉండేది. టేకు పలకకు చిత్రిక పట్టి, అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియనంత నున్నగా కలిపిన చేతులు అవి. ఆ ఇళ్లలో నాలుగో తరం పిల్లలకు రంపం ఎటు పట్టుకోవాలో తెలియదంటే తప్పు వాళ్లది కాదు, వాళ్ల చేతికి ఎవరూ ఇవ్వలేదు. పుట్టినరోజుకు మూడు ప్లాస్టిక్ గుంటలు, రెండు పొట్టి కర్రలు ఉన్న డబ్బా కొనిచ్చి మినీ గోల్ఫ్ అంటే ఇదేనంటున్నారు. వారం తిరక్కుండా అది మంచం కిందికి చేరుతుంది. చేరదా మరి! అందులో పిల్లలు చేయడానికి ఏమీ మిగల్చలేదు.

నిజానికి ఈ ఆట పెద్దవాళ్ల తోటల్లో పుట్టి, బీదవాళ్ల ఖాళీ స్థలాల్లో ముదిరింది. 1867లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో ఆడవాళ్ల కోసం పటింగ్ మైదానం ఒకటి పెట్టారు. స్త్రీ కర్రను భుజం దాటించి ఎత్తడం ఆ కాలపు పెద్దమనుషులకు మర్యాదగా తోచలేదు కాబట్టి వాళ్ల వాటాకు బంతిని దొర్లించే ఆటే వచ్చింది. 1916లో అమెరికాలోని పైన్‌హర్స్ట్‌లో జేమ్స్ బార్బర్ అనే ధనికుడు తన ఎస్టేటులోనే ఒక బుల్లి మైదానం వేయించుకున్నాడు. కొన్నేళ్లకు థామస్ ఫెయిర్‌బర్న్ అనే ఆయన పత్తి గింజల పొట్టు, ఇసుక, నూనె, ఆకుపచ్చ రంగు కలిపి దిమ్మిస కొడితే గడ్డి లేకుండానే బంతి సాఫీగా దొర్లుతుందని కనిపెట్టాడు. గుంటూరు రైతు గేదెలకు వేసే సరుకు మీద అక్కడి షావుకార్లు బంతులాడుకున్నారన్నమాట.

1920ల చివర చట్టనూగా ఊరి దగ్గర లుకౌట్ మౌంటెన్ మీద గార్నెట్ కార్టర్ టామ్ థమ్ గోల్ఫ్ మొదలుపెట్టాడు. బొమ్మలు, బోలు దుంగలు, గొట్టాలు దారికి అడ్డం పెట్టి, ఆ నమూనాను దేశమంతా అమ్మాడు. 1930కల్లా అమెరికాలో ఇలాంటి మైదానాలు వేలల్లో వెలిశాయి. న్యూయార్కులో మేడల కప్పుల మీద కూడా వేశారు. అప్పటికే మాంద్యం మొదలైంది. టికెట్టుకు డబ్బుల్లేని జనం ఊరుకోలేదు. ఖాళీ స్థలం కనబడితే పాత టైర్లు, పీపాలు, వాననీటి గొట్టాలు, విరిగిన బల్లలు మోసుకొచ్చి సొంతంగా అడ్డులు కట్టారు. దానికి రింకీడింక్ గోల్ఫ్ అని పేరు కూడా పడింది. వ్యాపారంగా టామ్ థమ్ వెర్రి ఒకటి రెండేళ్లలో చల్లారింది. పారేసిన సామానుతో అడ్డు కట్టాలన్న బుద్ధి మాత్రం పోలేదు.

1950ల్లో ఈ అడ్డుల మీద రెండు దారులు తేలాయి. స్క్రాంటన్ ఊరి లోమా సోదరులు గాలిమరలు, కదిలే బొమ్మలు తయారుచేసి ఊరూరా అమ్మారు. నార్త్ కరోలినాలో డాన్ క్లేటన్ 1954లో పెట్టిన పట్-పట్ దానికి సరిగ్గా ఎదురు. గాలిమర లేదు, బొమ్మ లేదు. నేల వాలు, అంచు కోణం, ఆడేవాడి చెయ్యి, అంతే. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని అస్కోనాలో పాల్ బోంగ్ని కొలత తప్పని పద్దెనిమిది బాటలు వేసి దీన్ని పోటీ ఆటగా నిలబెట్టాడు. పెరటి ఆటకు రెండు పక్షాలదీ సగం సగం తీసుకోవడం మేలు. అడ్డు కదలాలి, లేకపోతే పిల్లలకు మొహం మొత్తుతుంది. కానీ గుడ్డిగా కొట్టినవాడికీ గురి చూసి కొట్టినవాడికీ ఒకే ఫలితం ఇస్తే అది అడ్డు కాదు, లాటరీ.

అయితే ఖరగ్‌పూర్‌లో గాలిమర దేనికి? డచ్చివాళ్ల ఊళ్లో అది ఇంటి వస్తువు. ఇక్కడ పుట్టిన పిల్లలు కళ్లు తెరిచిన దగ్గర్నుంచి చూసే కదిలే అడ్డులు వేరే ఉన్నాయి.

లెవెల్ క్రాసింగ్ గేటునే తీసుకుందాం. మూడడుగుల సన్న బద్ద ఒకటి. ఒక కొస నుంచి ఎనిమిది అంగుళాల దగ్గర బెజ్జం వేసి, నిలువు గుంజకు బోల్టుతో బిగించాలి. మరీ బిగిస్తే తిరగదు, వదులైతే ఊగుతుంది. మధ్యలో రెండు వాషర్లు వేస్తే సరిపోతుంది. పొట్టి కొసకు పాత నట్లు మూటగట్టి వేలాడదీస్తే పొడుగు కొస దానంతటదే లేస్తుంది. పొడుగు కొసకు కట్టిన దారం, గుంజ మొదట్లో కొట్టిన కొక్కెం కిందుగా పోయి, ఆరడుగుల అవతల పీట మీద కూర్చున్న గేట్‌మన్ చేతిలో ఉంటుంది. లాగితే గేటు పడుతుంది, వదిలితే లేస్తుంది. గోల్ఫ్ బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లు. గేటు పడినప్పుడు బద్దకూ నేలకూ మధ్య అంతకంటే ఎక్కువ సందు ఉంటే బంతి కింద నుంచి దర్జాగా వెళ్లిపోతుంది. గేట్‌మన్‌కూ ఒక నియమం ఉండాలి: ముందు గంట కొట్టాలి, మూడు లెక్కపెట్టాలి, అప్పుడే గేటు వేయాలి. ఆడేవాడు ఆ మూడంకెల్లోపు దాటించాలో ఆగాలో తేల్చుకోవాలి. బంతి కొట్టడం కంటే గేట్‌మన్ ఉద్యోగానికే పిల్లల్లో పోటీ ఎక్కువ ఉంటుందని ముందే చెప్పొచ్చు.

దానికంటే పనితనం అడిగేది పాయింటు. బాట మధ్యలో రెండుగా చీలుతుంది. ఒకటి మెయిన్ లైను, తిన్నగా గుంటకు పోతుంది. రెండోది లూప్ లైను, చుట్టూ తిప్పి తెస్తుంది. చీలిక దగ్గర అడుగున్నర పొడవు చెక్క నాలుక ఒకటి ఉంటుంది. వెనక కొస మేకు మీద తిరుగుతుంది, ముందు కొస అంచు పలకకు ఆనుతుంది. ఆ ముందు కొసను చిత్రిక పట్టి కాగితమంత పలచగా దించాలి. అది పలకకు అంటుకోకుండా రెండు మిల్లీమీటర్లు ఎడంగా నిలిచినా బంతి దానికి తగిలి దారి తప్పుతుంది. అసలు లైను మీద పాయింటు సరిగ్గా పడకపోతే ఏమవుతుందో ఈ ఊళ్లో ఒకరికి ఒకరు చెప్పనక్కర్లేదు. 2017 నవంబరులో ఖరగ్‌పూర్ యార్డుకు ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది, దారులన్నీ కంప్యూటర్ తెర మీద నొక్కితే మారుతున్నాయి. లివరు లాగితే తీగ బిగుసుకుని అవతలెక్కడో సిగ్నల్ చెయ్యి వాలడం ఈ పిల్లలు చూడలేదు. పెరట్లో చెక్క లివరు, సైకిల్ బ్రేకు తీగ పెట్టి పాయింటునూ సిగ్నల్‌నూ కలిపితే తాతగారు కేబిన్లో ఏం చేసేవారో మాటల్లో చెప్పక్కర్లేకుండా తెలుస్తుంది. మెయిన్ లైనుకు పాయింటు పడితేనే సిగ్నల్ వాలాలి, లేకపోతే వాలకూడదు. ఆ కట్టుబాటును రెండు చెక్కముక్కలతో సాధించడం మామూలు పని కాదు, ఊళ్లోనే ఉన్న ఐఐటీ కుర్రాళ్లనైనా కాసేపు ఆలోచనలో పెడుతుంది.

ఇంకోటి ప్లాట్‌ఫాం. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. చాలా ఏళ్లు ప్రపంచంలోకెల్లా పొడుగైనదని స్కూలు పిల్లలు బట్టీ పట్టారు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని వెనక్కి నెట్టాయి. ఆ ఉక్రోషం తీర్చుకోవడానికి పెరట్లో రెండొందలో వంతు కొలతకు ఒక తిన్నని బాట వేయొచ్చు. పదిహేడున్నర అడుగులు వస్తుంది. అడ్డు ఏదీ అక్కర్లేదు, అంత దూరం తిన్నగా కొట్టడమే అడ్డు.

ఫుట్ ఓవర్‌బ్రిడ్జి కట్టాలనుకునేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. అర అడుగు ఎత్తు ఎక్కాలంటే దొర్లే బంతి ర్యాంపు మొదట్లో సెకనుకు దాదాపు ఒకటిన్నర మీటరు వేగంతో ఉండాలి. ఒరిపిడి కలిపితే ఇంకాస్త. ఎత్తు అంతకు మించితే చిన్నపిల్లలు బలం పెట్టి బాదుతారు, బంతి పక్కింటి తులసికోట దగ్గర తేలుతుంది. ర్యాంపు పొడవు మూడడుగులకు తగ్గకూడదు. నేలకు ఆనే అంచును ఏటవాలుగా గీయకపోతే బంతి గుమ్మం తగిలినట్టు ఎగురుతుంది. గాలిమరే కావాలని పట్టుబట్టేవాళ్లకూ ఒక మాట. నాలుగు రెక్కలు నిమిషానికి పది చుట్లు తిరిగితే ఒకటిన్నర సెకనుకు ఒక రెక్క అడ్డం వస్తుంది, అది చాలు. కారు వైపర్ మోటారు నేరుగా తగిలిస్తే దానికి ఎన్నో రెట్లు వేగం. అప్పుడు అది ఆట కాదు, పచ్చడి మిక్సీ. చేత్తో తిప్పే పిడి పెట్టడమే నయం.

చెక్క సంగతికి వస్తే, రైల్వే ఊళ్లో అందరి చూపూ ముందు పాత స్లీపర్ల మీదికే పోతుంది. అటు పోకూడదు. రైల్వే సొత్తు దొంగచాటుగా దగ్గర పెట్టుకుంటే 1966 నాటి చట్టం కింద అయిదేళ్ల దాకా జైలు ఉంది, రైల్వే రక్షక దళం (ఆర్‌పీఎఫ్) వాళ్లకు హాస్యం తక్కువ. పైగా చెద పట్టకుండా వాటికి పట్టించిన క్రియోసోట్ నూనె పిల్లలు ముట్టుకోదగ్గది కాదు. సరుకు దిగిన ప్యాలెట్ చెక్కలు దుకాణాల దగ్గర దొరుకుతాయి. దాని మీద వేసిన ముద్రలో హెచ్‌టీ అని ఉంటే వేడి చేసి శుద్ధి చేసినది, తెచ్చుకోవచ్చు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించినది, వద్దు. చుట్టుపక్కల జంగల్ మహల్ అడవుల సాల్ కలప, మనవైపు గుగ్గిలం చెట్టంటారు, ఉక్కులాంటిది. బెజ్జం వేయకుండా మేకు కొడితే మేకే వంగుతుంది. గుంజలకు అదే మంచిది. యూకలిప్టస్ చవక, కానీ ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది. అంచు పలకలకు పనికిరాదు. మామిడి చెక్క కోయడం తేలిక, పురుగు పట్టడం ఇంకా తేలిక. అడ్డులకు వాడి, ఏడాదికోసారి మార్చుకుంటే సరి.

గుంటకు మాత్రం కొత్త వస్తువు కొనక్కర్లేదు. గోల్ఫ్ గుంట అడ్డుకొలత 108 మిల్లీమీటర్లు. బాత్రూం మురుగుకు వేసే నాలుగంగుళాల పైపు బయటి కొలత 110. నాలుగంగుళాల పొడవు ముక్క కోసి నేలలో దించితే అసలు గుంటకూ దీనికీ తేడా కనిపెట్టేవాళ్లు ఉండరు.

నేల గురించి అమెరికాలో పేటెంట్ల దాకా వెళ్లారు గానీ తెలుగిళ్లలో ఆ విద్య ఎప్పటి నుంచో ఉంది. ఖరగ్‌పూర్ ఎర్ర మొరం నేలను తడిపి, దిమ్మిస కొట్టి, ఆరాక పేడతో అలికితే బంతి చక్కగా దొర్లుతుంది. పగుళ్లొస్తే మళ్లీ అలకడమే. ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి చాపలు బజారులో దొరుకుతాయి, కొనగలిగినవాళ్లు కొంటారు. ఎండకు అవి కాలిపోయేంత వేడెక్కుతాయని కొన్నాక తెలుస్తుంది.

రంగులకు మరో సౌకర్యం ఉంది. ఇదే జిల్లాలో పింగ్లా దగ్గర నయా అనే పల్లె నిండా పటచిత్రాలు వేసే చిత్రకారుల కుటుంబాలే. ఆకులు, పూలు, మసి నుంచి రంగులు తీసి కథల పటాలు గీస్తారు. ఆ పని పిల్లలకు ఒకసారి చూపించి, ఆ తర్వాత గేటు మీదా సిగ్నల్ మీదా వాళ్లకు తోచింది వేయమంటే చాలు. కొన్న స్టిక్కర్లు అతికించే ఊసే ఎత్తరు.

ఇక ఎదురయ్యే ప్రశ్నలు. క్రికెట్ ఉండగా ఇదెందుకు అంటారు. ఈ ఊళ్లో ఆ ప్రశ్నకు బరువుంది. మహేంద్రసింగ్ ధోనీ 2001 నుంచి రెండేళ్లకు పైగా ఇక్కడ టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేసి, టెన్నిస్ బంతి మ్యాచ్‌ల్లో ఆడినవాడు. అయినా గల్లీ క్రికెట్లో ఆరేళ్ల చెల్లాయికి ఫీల్డింగే గతి, నానమ్మకు అరుగు మీద కూర్చుని కేకలు వేయడమే గతి. బంతిని దొర్లించే ఆటలో ఇద్దరికీ వంతు వస్తుంది, ఒక్కోసారి నానమ్మే గెలుస్తుంది. కర్రను మోకాలి ఎత్తు దాటించకూడదన్న ఒక్క నియమం ఉంటే కిటికీ అద్దాలూ క్షేమం.

క్వార్టర్ మనది కాదు, రేపు ట్రాన్స్‌ఫర్ వస్తే ఎలా అన్నది రెండోది. క్వార్టర్లో సొంతంగా పక్కా కట్టడం కట్టకూడదు, నిజమే. అందుకే కదా చెక్క! మేకులకు బదులు బోల్టులు వాడితే ఏ అడ్డు అయినా పావుగంటలో విడిపోయి పలకల కట్ట అవుతుంది. ఏప్రిల్‌లో కాలవైశాఖి గాలివానలు మొదలయ్యేలోపు ఎలాగూ విప్పి లోపల పెట్టాల్సిందే, లేకపోతే గాలి తీసుకుపోగా మిగిలింది చెదలు తింటాయి. కట్టడానికి దీపావళి తర్వాత రోజులు మంచివి. ఆడటానికి మాఘం దాకా ఎండ హాయిగా ఉంటుంది.

పిల్లల చేతికి రంపం ఏమిటన్న భయం మూడోది, మిగతా రెంటికంటే న్యాయమైనది. పదేళ్లు దాటని పిల్లలకు గరుకు కాగితం, రంగు కుంచె, కొలత టేపు చాలు. ఆపైవాళ్లకు పలకను బల్లకు బిగించి, పక్కన పెద్దవాళ్లు నిలబడి రంపం ఇవ్వాలి. కరెంటు రంపం ఎవరికీ వద్దు. రిటైరైన ఫిట్టర్లు, వడ్రంగులు ప్రతి వీధిలో ఉన్నారు. సాయంత్రం పేపరు చదవడం అయిపోయాక ఏం చేయాలో తోచనివాళ్లే చాలామంది. బాబాయ్ అనో తాతగారూ అనో పిలిస్తే కాదనరు. వచ్చాక పని పిల్లలకు వదలకుండా మొత్తం తామే చేసేస్తారేమోనన్నదే అసలు చిక్కు.

ఊళ్లోని తెలుగు సంఘాలు సంక్రాంతికి ముగ్గుల పోటీలు, పాటల పోటీలు పెడతాయి. అవి ఉండాల్సిందే. వాటి పక్కన ఒక వీధిని ఎంచుకుని తొమ్మిది పెరళ్లలో తొమ్మిది గుంటలు పెట్టిస్తే ఎలా ఉంటుంది? ఇంటికి ఒక అడ్డు, ఎవరి అడ్డు వాళ్లే కట్టాలి, కొన్న సామాను ఒక్కటీ ఉండకూడదు. ఆడేవాళ్లు మొదటి ఇంటి నుంచి తొమ్మిదో ఇంటికి పెరటి దారినే నడుస్తారు. లెక్క ప్రపంచ పోటీల్లోదే పెట్టుకోవచ్చు: ఆరు దెబ్బల్లో గుంటలో పడకపోతే ఏడు రాసుకుని ముందుకు సాగాలి. బహుమతి బాగా ఆడినవాళ్లకు ఒకటి, మంచి అడ్డు కట్టిన ఇంటికి దానికంటే పెద్దది ఒకటి. బెంగాలీ, ఒడియా, హిందీ ఇళ్లు కూడా అదే వీధిలో ఉంటాయి కాబట్టి తెలుగు సంఘం పోటీ అయినా గుంటలన్నీ తెలుగువాళ్లవే కావు. ముందుగా తేల్చుకోవాల్సిన విషయాలు రెండే: ఏ ఇంట్లో కుక్కను కట్టేయాలి, తొమ్మిదో గుంట ఇంటివాళ్లు అంతమందికి టీ ఎలా కాస్తారు.